గుంటూరు, బెజవాడల్లో మన ఇంటి చరిత్ర వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈస్టిండియా కంపెనీ వారి రోజుల నుంచి 1947 దాకా ఈ రెండు ఊళ్లలో, చుట్టుపక్కల పల్లెల్లో మన వాళ్లు ఎలా బతికారో తెలుసుకోవాలనుకునే వారి కోసం ఈ పేజీ. మా ఇంటి ట్రంకు పెట్టెతో మొదలుపెట్టిన నేను తర్వాత బంధువుల కాగితాలు, స్నేహితుల కాగితాలు కూడా చదువుతూ వచ్చాను. అందరూ నన్ను అడిగే ప్రశ్నలే ఇవి. కలెక్టర్లు ఎప్పుడు మారారో పుస్తకాల్లో ఉంటుంది. మన ముత్తవ్వ ఏ చెరువు నుంచి నీళ్లు మోసుకొచ్చిందో మాత్రం మనం వెతికితే తప్ప ఎవరూ రాయరు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ కుటుంబంలో అందరికన్నా పెద్దవారి దగ్గర. ఆఫీసులు, గ్రంథాలయాలు రేపు కూడా ఉంటాయి. తొంభై ఏళ్ల మేనత్త ఉంటుందన్న హామీ లేదు. ఈ వారమే వెళ్లండి.

వెళ్లి తేదీలు అడగకండి. "తాతయ్య ఏ సంవత్సరంలో పోయారు?" అంటే "ఏమో నాయనా" అనే జవాబే వస్తుంది. "తాతయ్య పోయినప్పుడు నీ ఒళ్లో ఎవరున్నారు?" అని అడిగితే, "మీ చిన్నాన్న, ఇంకా పాలు తాగుతున్నాడు" అంటుంది. సంవత్సరం అక్కడే దొరికింది. నీళ్లు ఎక్కడివి, పొయ్యిలోకి పిడకలా కట్టెలా, దీపానికి ఏ నూనె, పండగ పూట తప్ప వరి అన్నం తినేవారా లేక జొన్నన్నమేనా, కొత్త బట్టలు ఏ కొట్లో తీసుకునేవారు అని అడగండి. పల్నాడు వైపు కుటుంబానికీ, కృష్ణా కాలువ కింద కుటుంబానికీ ఈ ఒక్క అన్నం ప్రశ్నకే జవాబు వేరుగా వస్తుంది.

ఆడవాళ్లను వేరుగా అడగండి. మగవాళ్లు పక్కన ఉంటే కథ మొత్తం వాళ్లే చెప్పేస్తారు. ఫోనులో రికార్డు చేయండి, కానీ ముందు అనుమతి తీసుకోండి.

ఇంట్లో ఏ కాగితాలు వెతకాలి?

దస్తావేజులు, శిస్తు రసీదులు, ప్రామిసరీ నోట్లు, జాతక చక్రాలు, శుభలేఖలు, ఎస్‌ఎస్‌ఎల్‌సీ (బడి చదువు ముగింపు) పుస్తకం, మనీయార్డరు రసీదులు, ఫోటోల వెనక రాతలు. వీటిని అందరూ దాస్తారు. అందరూ పారేసేవి రెండున్నాయి: చదివింపుల పుస్తకం, పద్దుల పుస్తకం. నా దృష్టిలో దస్తావేజుల కన్నా ఇవే విలువైనవి.

చదివింపుల పుస్తకంలో పెళ్లికి ఎవరెవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎంత చదివించారో వరసగా ఉంటుంది. అది ఆనాటి బంధువుల పూర్తి జాబితా. ఎవరు ఎక్కువ ఇచ్చారో చూస్తే దగ్గరి చుట్టరికం తెలుస్తుంది. ముందు పెళ్లిలో ఉండి తర్వాత పెళ్లిలో కనిపించని పేరు దగ్గర ఆగండి. ఆ మనిషి పోయి ఉండాలి, లేదా మాటలు పోయి ఉండాలి.

ఇక పద్దుల పుస్తకం సంగతి. మా పెద్దమ్మ ఎప్పుడు పుట్టిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. బడి సర్టిఫికెట్‌లో జులై 1 అని ఉంది. ఆ రోజుల్లో పిల్లను బడిలో వేసినప్పుడు తేదీ తెలియకపోతే పంతులుగారే వయసు లెక్కకట్టి బడి తెరిచే రోజుల తేదీ ఒకటి వేసేవారు. అందుకే జూన్, జులై నెలల తేదీ కనిపిస్తే నేను నమ్మను. మా తాతయ్య పద్దుల పుస్తకం పొడవుగా, సన్నగా, ఎర్రటి గుడ్డ అట్టతో ఉంటుంది. ధాత నామ సంవత్సరం ఆషాఢ మాసం పేజీల్లో రోజూ ఉండే ఖర్చులే ఉన్నాయి: కిరసనాయిలు, చింతపండు, ఎద్దుల నాడాలు. బహుళ పంచమి దగ్గర రాత మారింది. సిరా అలికింది. "నువ్వుల నూనె, కరక్కాయలు, శొంఠి. మంత్రసానికి పావలా, చీర ఒకటి." అంతే. ఆడపిల్ల పుట్టిందని ఒక్క ముక్క రాయలేదు. మరుసటి రోజు మళ్లీ చింతపండు. మా పెద్దమ్మ పుట్టినరోజు ఆ ఒక్క వరుసలోనే ఉంది.

తెలుగు సంవత్సరాలను, ఫసలీలను ఇంగ్లీషు తేదీలుగా ఎలా మార్చాలి?

తెలుగు సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకు తిరిగి వస్తాయి. ధాత 1876-77లో వచ్చింది, 1936-37లో వచ్చింది. కాబట్టి పేరు ఒక్కటే చాలదు, ఏ తరం గురించి మాట్లాడుతున్నారో కూడా తెలియాలి. మా పెద్దమ్మ విషయంలో 1876 కుదరదు కాబట్టి అది 1936 జులై.

ఫసలీ రెవెన్యూ సంవత్సరం. జులై 1న మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి 1891 జూన్ దాకా.

పెద్దవాళ్ల నోట వచ్చే గుర్తులు కూడా ఇలాగే పనికొస్తాయి. గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో. బందరును ముంచిన పెద్ద ఉప్పెన 1864 నవంబరు 1న. ధాత కరువు 1876 నుంచి 1878 దాకా. "గాంధీగారు బెజవాడ వచ్చిన ఏడు" అంటే చాలామందికి 1921, అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు ఇక్కడ జరిగిన సంవత్సరం. అయితే ఆయన తర్వాత కూడా వచ్చారు కాబట్టి రెండో గుర్తు ఒకటి అడిగి సరిచూసుకోండి. "హైకోర్టు గుంటూరులో ఉన్నప్పుడు" అంటే మాత్రం తిరుగులేదు: 1954 నుంచి 1956.

మా ఊరు గుంటూరు జిల్లా. పాత రికార్డుల్లో గుంటూరు జిల్లా కింద ఏమీ దొరకడం లేదు. ఎందుకు?

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. గుంటూరు సర్కారు, అంటే ఈ ప్రాంతం, 1788లో కంపెనీ చేతికి వచ్చింది. 1794లో జిల్లా అయింది. కానీ 1859లో ఆ జిల్లాను రద్దు చేసి బందరు కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో కలిపేశారు. తిరిగి 1904 అక్టోబరు 1న విడదీశారు. అంటే మధ్యలో 45 ఏళ్ల గుంటూరు కాగితాలు కృష్ణా జిల్లా పేరుతో ఉంటాయి. గోర్డన్ మెకంజీ 1883లో కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో, అంటే జిల్లా వివరాల పుస్తకంలో, గుంటూరు, నరసరావుపేట, పల్నాడు సంగతులు ఉన్నది అందుకే.

ఒంగోలు వైపు వాళ్లకు ఇంకో చిక్కు. 1904కు ముందు ఆ తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904 నుంచి గుంటూరు, 1970 నుంచి ఇప్పుడు ప్రకాశం అని పిలిచే జిల్లా. 2022లో బాపట్ల, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాలు వచ్చాక దారి ఇంకా మెలికలు తిరిగింది. వెతకడానికి ముందు ఒక కాగితం మీద మీ ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లా, ఏ తాలూకా అని రాసుకోండి. విజయవాడ అని కాక బెజవాడ అని వెతకాలని వేరే చెప్పనక్కరలేదు.

పాత దస్తావేజుల్లో ఏమి చూడాలి?

హద్దులు. అందరూ అమ్మినవారి పేరు, కొన్నవారి పేరు, ధర చూసి పక్కన పెడతారు. "తూర్పు ఫలానావారి దొడ్డిగోడ, దక్షిణం రాజవీధి, పడమర ఫలానావారి పెంకుటిల్లు, ఉత్తరం పంటకాలువ" అనే నాలుగు వరుసల్లో ఒక వీధి మొత్తం నిలబడి ఉంటుంది. ఒకే వీధికి చెందిన మూడు నాలుగు దస్తావేజులు దొరికితే, హద్దులు కలుపుకుంటూ పోయి ఆనాటి వీధి పటం గీయవచ్చు. నేను బెజవాడ పాతబస్తీలో ఒక సందును అలాగే గీశాను. ఎవరిది పాక, ఎవరిది మిద్దె, బావి ఎవరి వాటాలోది అన్నీ తెలిశాయి.

తర్వాత సాక్షుల సంతకాలు, రాసినవారి పేరు చూడండి. సంతకం రానివారు నిశాని పెట్టేవారు. ఒకే మనిషి ముందు దస్తావేజులో నిశాని, పదేళ్ల తర్వాత దస్తావేజులో వంకర అక్షరాల సంతకం పెట్టి ఉంటే, ఆ పదేళ్లలో ఏమి జరిగిందో ఇంట్లో అడగండి.

ఇంట్లో దస్తావేజు లేకపోతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నకలు అడగవచ్చు. ఈసీలు, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రాలు, ఆన్‌లైన్‌లో 1983 తర్వాతివే దొరుకుతాయి. అంతకు ముందువి రిజిస్టర్లు తిరగేసి వెతకాలి. పేర్ల సూచిక, ఆస్తుల సూచిక వేరువేరుగా ఉంటాయి. ఓపికగా అడిగితే పని జరుగుతుంది. నాకు ఒకచోట చెదలు తిన్న పుట చూపించి "ఇంతే మిగిలింది" అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

పొలానికైతే సర్వే నంబరు తాళంచెవి. దాని ద్వారా శిస్తు నిర్ణయించిన పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు (డైగ్లాట్), ఊరి సాగు లెక్కలైన అడంగళ్లు చేరుకోవచ్చు. ఈమధ్య రీసర్వే జరిగిన ఊళ్లలో పాత నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబర్లు వచ్చాయి. మీ పాత నంబరు తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే రాసి పెట్టుకోండి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక కొన్ని ఊళ్ల లెక్కలు కరణాల ఇళ్లలోనే ఉండిపోయాయి. మర్యాదగా వెళ్లి అడగడంలో తప్పు లేదు.

ఇనాం రిజిస్టరు అంటే ఏమిటి? అది బ్రాహ్మణ కుటుంబాలకే పనికొస్తుందా?

కాదు. ఇనాం అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన భూమి. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ ఏర్పడి ఊరూరా ఇనాం భూములను విచారించింది. మొదట ఇనాం ఎవరికి, ఎవరు ఇచ్చారు, విచారణనాటికి ఎవరి అనుభవంలో ఉంది, వారి వయసెంత, మొదటివారికి ఏమవుతారు అనే వివరాలు అందులో నమోదయ్యాయి. అంటే 1860 ప్రాంతంలో ఒక మనిషి వయసు, వంశంలో అతని స్థానం ఒకే చోట దొరుకుతాయి. అగ్రహారీకులే కాదు, గుడిలో మేళం వాయించినవారు, మసీదు సేవకులు, కుమ్మరులు, రజకులు, ఊరి కాపలావారు కూడా సేవా ఇనాములు పొందినవారే. మీ ఇంట్లో "ఒకప్పుడు మాకు మాన్యం ఉండేది" అనే మాట వినిపిస్తే మొదట చూడాల్సింది ఈ రిజిస్టరునే.

జనాభా లెక్కల్లో తాతముత్తాతల పేర్లు దొరుకుతాయా?

దొరకవు. ఇంటింటి వివరాలు మన దేశంలో బయటపెట్టరు. మొత్తం సంఖ్యలు, కులాలు, వృత్తుల పట్టికలు మాత్రమే అచ్చయ్యాయి.

పుట్టిన, చనిపోయిన నమోదులు?

పల్లెల్లో మునసబు రాసేవారు, పట్టణాల్లో మునిసిపాలిటీ. గుంటూరు మునిసిపాలిటీ 1866లో, బెజవాడది 1888లో ఏర్పడ్డాయి. పుట్టిన నమోదులో చాలాసార్లు బిడ్డ పేరు ఉండదు, తండ్రి పేరు, "ఆడ" లేదా "మగ" అని మాత్రమే ఉంటుంది. కాబట్టి తండ్రి పేరుతో వెతకండి. నమోదు లేనంత మాత్రాన పుట్టుక లేనట్టు కాదు.

మాకు భూమి లేదు, ఇనాం లేదు, ఇంట్లో చదువుకున్నవారు లేరు. మా చరిత్ర ఎక్కడ ఉంటుంది?

ఈ ప్రశ్న అడిగినవారికి నేను ఎక్కువ సమయం ఇస్తాను. శిస్తు కట్టనివారిని రెవెన్యూ కాగితాలు పట్టించుకోలేదు. కానీ వేరే చోట్ల ఉన్నారు.

మొదటిది చర్చి. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టడంతో లూథరన్ మిషన్ మొదలైంది. లూథరన్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు కాబట్టి ఆ రిజిస్టరులో బిడ్డతోపాటు తల్లిదండ్రుల పేర్లు ఆశించవచ్చు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు పెద్దవారికే ఇస్తారు. అక్కడ ఉన్న తేదీని పుట్టినతేదీ అనుకుంటే ఒక తరం లెక్క తప్పుతుంది. ధాత కరువు ముగుస్తున్నప్పుడు, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విన చేతులు వాళ్లవి. ఇవాళ ఒంగోలు, బాపట్ల వైపు ఎన్నో కుటుంబాల రాతపూర్వక చరిత్ర ఆ రోజుల నుంచే మొదలవుతుంది.

రెండోది నోటి వంశావళులు. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవారు గోత్రాలు, కులపురాణాలు చెబుతారు. వారు వచ్చినప్పుడు బియ్యం పెట్టి పంపేయకుండా కూర్చోబెట్టి వినండి. వినే ఇళ్లు తగ్గిపోతుంటే చెప్పేవారూ తగ్గిపోతున్నారు.

ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గర నిఖా రిజిస్టర్లు ఉంటాయి. రైల్వేలో, పొగాకు కంపెనీల్లో పనిచేసినవారికి సర్వీసు పుస్తకాలు, పింఛను కాగితాలు. బెజవాడలో "మా తాత రైల్వే" అనని వీధి అరుదు.

ఇంటిపేరును బట్టి సొంత ఊరు చెప్పవచ్చా?

కొంతవరకు. ఇంటిపేరులో ఊరు ఉంటే ఎప్పుడో ఆ ఊరు వదిలి వచ్చారని అర్థం. ఆ ఊళ్లోనే ఉండి ఉంటే ఆ పేరు పెట్టాల్సిన పని లేదు. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉండవచ్చు. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో ఉంటుంది. దత్తత వెళ్లినవారి ఇంటిపేరు మారుతుంది. కాబట్టి ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని జమీందారు వంశంతో చుట్టరికం కలుపుకోకండి.

ఆడవాళ్ల సంగతులు ఎందుకు దొరకవు?

దొరుకుతాయి, వారి పేరుతో దొరకవు. "ఫలానావారి భార్య" అని ఉంటుంది. పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి పత్రాలు, వితంతువుల మనోవర్తి (భరణం) దావాలు, దత్తత పత్రాలు చూడండి. బాలవితంతువులకు జరిగిన అన్యాయం మొత్తం మనోవర్తి కాగితాల్లో కనిపిస్తుంది. పుట్టింటి ఇంటిపేరు తప్పనిసరిగా రాసుకోండి. దాని వెనక ఇంకో కుటుంబం మొత్తం ఉంది. గుంటూరులో 1883 నుంచి పనిచేసిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆసుపత్రి ప్రస్తావన కూడా ముసలమ్మల మాటల్లో వస్తుంటుంది. "కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టాను" అంటే వెంటనే రాసుకోండి.

రోజువారీ జీవితం గురించి అచ్చులో ఏమి ఉంది?

పత్రికలు. బందరు నుంచి 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1914 నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక చదవండి. సంపాదకీయాలతో ఆగిపోకండి. ప్రకటనలు, జాబులు, ధరవరలు, "తప్పిపోయిన ఎద్దు" వంటి చిన్న వార్తలు చూడండి.

వీటి కోసం నేను మొదట చెప్పే చోటు వేటపాలెం. అక్కడ 1918లో వెలసిన సారస్వత నికేతనంలో పాత పత్రికలు ఉన్నాయి. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. బెజవాడలో రామమోహన గ్రంథాలయం 1911 నాటిది. ఊళ్ల కథలకు మెకంజీ కైఫీయతులు, అంటే ఊరి చరిత్రల రాతప్రతులు, ఉన్నాయి. ఆ మెకంజీ కర్నల్ కాలిన్ మెకంజీ, మాన్యువల్ మెకంజీ కాదు. కావలి సోదరులు ఆయన కోసం ఊరూరూ తిరిగి సేకరించినవి అవి.

ఊళ్లో నడుస్తూ కూడా చదవవచ్చు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక బెజవాడ నుంచి బందరు, ఏలూరు కాలువల మీద పడవలే బస్సులు. కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలోకి వెళ్లి మద్రాసు దాకా సరుకు చేరేది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చాక పడవలవాళ్లు ఏ పనిలోకి మారారో మీ ఇంట్లో అడిగారా? గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట పేర్లు ఇంగ్లీషు అధికారులవి. విజయవాడలో రైవస్ కాలువ కూడా అంతే.

పాత డబ్బు, కొలతలు అర్థం కావడం లేదు.

రూపాయికి 16 అణాలు, పావలా నాలుగు అణాలు, బేడ రెండు అణాలు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1 నుంచి. వీసె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో కిలో నాలుగు వందల గ్రాములు.

చెన్నై, లండన్ వెళ్లాలా?

1953 దాకా మనం మద్రాసులో భాగం కాబట్టి బోర్డ్ ఆఫ్ రెవెన్యూ కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇల్లు, ఊరు, తాలూకా అయిపోయాక వెళ్లండి. ఏ ఊరు, ఏ సంవత్సరం అని చేతిలో లేకుండా వెళితే రోజంతా కట్టలు విప్పి ఉత్త చేతులతో వస్తారు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్న చర్చి నమోదులు ఎక్కువగా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లవి.

మా వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఎక్కడ వెతకాలి?

నిజాంసాగర్ కట్టాక గుంటూరు, కృష్ణా రైతులు నిజామాబాద్ వైపు వెళ్లారు. తుంగభద్ర కింద రాయచూరు, బళ్లారి వైపు వెళ్లినవారి ఊళ్లను ఇప్పటికీ "క్యాంపు" అనే పిలుస్తారు. అక్కడి ముసలివాళ్లకు ఇక్కడ మనం మరిచిపోయిన పాటలు, చుట్టరికాలు గుర్తున్నాయి. కాశీ, గయ వెళ్లినవారు ఉంటే పండాల (అక్కడి తీర్థ పురోహితుల) పుస్తకాల్లో సంతకం, ఊరి పేరు దొరికే అవకాశం ఉంది.

చెప్పుకోలేని సంగతులు బయటపడితే?

పడతాయి. ఎగ్గొట్టిన అప్పు, రెండో సంసారం, పాలేరును జీతానికి కట్టేసిన కాగితం. మా ముత్తాత రాయించుకున్న అలాంటి కాగితం ఒకటి నా దగ్గర ఉంది, దాచలేదు. బతికి ఉన్నవారికి హాని కలిగేది మాత్రం బయట పెట్టకండి, రాసి భద్రపరచండి. పాత కాగితాల్లో కులాలను కించపరిచే మాటలు ఉంటాయి. నకలులో ఉన్నది ఉన్నట్టు రాయండి, మీ సొంత వాక్యంలో ఆ మాట వాడకండి.

దొరికిన కాగితాలను ఎలా కాపాడాలి?

లామినేషన్ చేయించకండి. సెల్లోటేపు అంటించకండి. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. పగటి వెలుతురులో ఫోటో తీసి రెండు చోట్ల దాచండి. నూలు గుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా, గోడకు దూరంగా పెట్టండి. మన దగ్గర వానాకాలం తేమ, చెదలు రెండూ శత్రువులే. పాత కాగితం మీద ఏమీ రాయకండి. చెప్పాల్సింది వేరే చీటీ మీద రాసి పక్కన ఉంచండి.

పెద్దవాళ్లకు దొరికినది చూపించాలా?

తప్పకుండా. చదివి వినిపించండి. ఆషాఢ బహుళ పంచమి పేజీని మా పెద్దమ్మకు చదివాను. తన పుట్టినతేదీ దొరికిందని సంతోషిస్తుందనుకున్నాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. "చీర కూడా పెట్టారా? మంచిది. ఆవిడే మా అందరికీ పురుడు పోసింది" అని, ఆ మంత్రసాని పేరు, మాదిగపల్లెలో చింతచెట్టు పక్కన ఆమె ఇల్లు, ఆమె కూతురు కూడా అదే పని చేసిన సంగతి చెప్పింది. పద్దులో "మంత్రసానికి" అని మాత్రమే ఉంది. ఆ పేరు చీటీ మీద రాసి ఆ పేజీలో పెట్టాను. ఆమె మనవలు ఇప్పుడు గుంటూరులోనే ఉన్నారట. వచ్చే ఆదివారం వెళుతున్నాను.